మిడ్ పేపర్లు బీరువాలో, ప్లాన్లు స్క్రీన్ మీద

సంపాదకులకు నమస్కారం.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. పోయిన నెల మా సెమినార్ హాల్లో ‘విద్యార్థుల అభ్యసన ఉన్నతికి సమగ్ర ప్రణాళిక’ అని బ్యానర్ కట్టి మీటింగ్ పెట్టారు. ప్రతి డిపార్ట్‌మెంట్ నుంచీ ప్రతిపాదనలు అడిగారు, వచ్చాయి కూడా. స్మార్ట్ బోర్డులు, ఏసీ క్లాస్‌రూములు, వీడియో పాఠాలకు స్టూడియో, ఒక యాప్. రెండు గంటలు కూర్చున్నాను (గెస్టులం కదా, వెనక వరసే), సమోసా బాగుంది, కానీ పిల్లలకు ఏ పాఠం ఎక్కట్లేదు, ఎక్కడ తప్పుతున్నారు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

వస్తుందనుకోవడం నా అమాయకత్వమే, ఎందుకంటే ఆ సంగతి చెప్పే కాగితాలను మేమెవరమూ రెండోసారి చూడం. సెమిస్టర్‌కు రెండు మిడ్‌లు (నడుమ పెట్టే పరీక్షలు) పెడతాం, దిద్దుతాం, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాం, పేపర్లు పురికొసతో కట్టి బీరువాలో పడేస్తాం. న్యాక్ (కాలేజీలకూ యూనివర్సిటీలకూ గ్రేడ్లిచ్చే సంస్థ) టీమ్ వస్తే చూపించాలట. మా స్టాఫ్ రూమ్ బీరువా కింది అరలో నాలుగేళ్ల కిందటి కట్టలున్నాయి, ఒకదానికి చెద పట్టింది. అవి రాసినవాళ్లు ఎప్పుడో కోర్సు అవగొట్టుకుని హైదరాబాద్‌లో కోచింగులకు తిరుగుతున్నారు. వాళ్లకు ఆ పరీక్ష నుంచి దక్కింది నోటీసు బోర్డు మీద ఒక అంకె, అంతే.

పోయిన ఏడాది ఒకమ్మాయి వచ్చి ‘సార్, నాకు పదకొండు ఎందుకొచ్చాయి?’ అని అడిగింది. గొడవకు కాదు, నిజంగా తెలుసుకుందామని. కట్ట విప్పి పేపరు తీశాను. ఉల్లిపాయల ధర పెరిగితే ఏమవుతుందో గీయమంటే, ఏ ధరకు జనం ఎంత కొంటారో చూపే డిమాండ్ రేఖనే మొత్తంగా ఎడమకు జరిపేసింది. ఆ సరుకు ధర మారినంత మాత్రాన రేఖ జరగదు, అదే రేఖ మీద మనం పైకో కిందికో వెళ్తాం. రేఖే జరగాలంటే జనం ఆదాయమో, ఇష్టాలో, దాని బదులు కొనుక్కునే ఇంకో సరుకు ధరో మారాలి. మొదటి సెమిస్టర్ మైక్రో ఎకనామిక్స్‌కి ఇదే పునాది. నేను ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత కొట్టి, రెండు మార్కులు వేసి ఊరుకున్నాను. అనుమానమొచ్చి కట్టంతా తిరగేస్తే సగం మందికి పైగా అదే బొమ్మ, బాణం గుర్తుతో సహా! బోర్డు మీద తొందరలో రెండూ ఒకే బొమ్మలో కలిపి గీసింది నేనే. ఎన్నేళ్లుగా అలా గీస్తున్నానో, ఎంతమంది దాన్నే నోట్సులోకి దించుకుని వెళ్లారో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అప్పటి నుంచి వారం తిరక్కుండా పేపర్లు ఇచ్చేస్తున్నాను. ఎక్కువమంది చేసిన మూడు తప్పులు తీసుకుని ఇరవై నిమిషాలు బోర్డు మీద మాట్లాడతాం, చూసుకున్నాక పేపర్లు మళ్లీ తీసుకుని కట్ట కడతాను, కాబట్టి న్యాక్‌కు చూపించడానికీ లోటు లేదు. ‘ఇస్తే మార్కుల కోసం మీద పడతారు’ అని సీనియర్లు భయపెట్టారు. ఇద్దరొచ్చారు. ఒకరి విషయంలో కూడిక తప్పు నాదే, సరిచేశాను.

ఇంకో సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అన్నది 2021–22 నుంచి. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చినవాళ్లు నా క్లాసులో బోలెడు మంది. వాళ్లకు సబ్జెక్టు రాదో, వచ్చింది ఇంగ్లిష్‌లో పెట్టడం రాదో ఆ కాగితం ముందుంచుకుని పక్కన కూర్చోబెట్టుకుంటేనే తెలుస్తుంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు, యాప్‌కు ఆ తేడా తెలియదు.

ఆ న్యాక్ లెక్కే చూద్దాం. 2017లో తెచ్చిన పద్ధతిలో యూనివర్సిటీలకు మొత్తం 1000 పాయింట్లుంటే బోధన, అభ్యసన, మూల్యాంకనానికి 200, భవనాలూ సదుపాయాలూ లైబ్రరీ వగైరాకు 100. మా మీటింగ్‌లో మాత్రం లెక్క తిరగబడింది. అదే న్యాక్ విద్యార్థులకు పంపే సర్వేలో ‘అసైన్‌మెంట్లలో నువ్వు ఎలా రాశావో మీ టీచర్లు నీతో మాట్లాడారా?’ అని సూటిగా ఒక ప్రశ్న ఉంది. పిల్లలు దానికి ఏం టిక్ పెడతారో మాకు తెలియదా? ఇక దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకునే హక్కు రాసినవాడికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. పక్క గదిలో ఉన్న మిడ్ పేపరు కోసం పిల్లాడు దరఖాస్తు పెట్టుకోవాలా!

అయితే ఊరికే సర్క్యులర్ ఇచ్చేస్తే ఇది జరగదు. మాకు పీరియడ్ లెక్కన డబ్బులిస్తారు, దిద్దడానికి రాత్రిళ్లు కూర్చున్నది ఏ లెక్కలోనూ రాదు. రెగ్యులర్ పోస్టులు ఖాళీగా పెట్టి, మా చేత నడిపిస్తూ, పేపరు మీద వివరంగా రాయండి అంటే ఎవరు రాస్తారు? మిడ్ తర్వాత పేపర్లు చూపించి మాట్లాడే క్లాసును టైమ్‌టేబుల్లోనే పెట్టి, దిద్దిన గంటలకు కూడా లెక్క కట్టాలి. ఒక్కో డిపార్ట్‌మెంట్ తమ పిల్లలు ఎక్కువగా చేస్తున్న తప్పులు ఒక పేజీ రాసి పంపితే, స్మార్ట్ బోర్డు కావాలో ఇంగ్లిష్ క్లాసు కావాలో ఇంకో లెక్చరర్ కావాలో అప్పుడు తేల్చుకోవచ్చు. ఇదంతా మీటింగ్‌లోనే చెప్పొచ్చుగా అంటారేమో, చెప్పడానికి లేచాను. సమయం అయిపోయిందన్నారు, గ్రూప్ ఫొటోకి రమ్మన్నారు.

వచ్చే సోమవారం మాకు రెండో మిడ్. నా పేపర్లు ఆ పై సోమవారానికి పిల్లల చేతిలో ఉంటాయి.

ఒక గెస్ట్ లెక్చరర్
(ఉద్యోగం ఏటేటా రెన్యువల్ మీద నడిచేది కనుక పేరు వేయవద్దని మనవి.)