రోమ్ ప్యాకేజీ కొత్త రేటు: ఏం తీసేశాం, ఏం మార్చాం

నమస్కారం. నవంబరు, ఫిబ్రవరి బ్యాచ్‌లకు రోమ్ (4 రాత్రులు) కొటేషన్ మార్చాం. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్యాకేజీ రేటు తగ్గినట్టు, మీ చేతిఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది. రెండూ నిజమే. ఇన్నాళ్లూ మేము కలిపి వసూలు చేసిన కొన్ని మీరే అక్కడ కట్టుకుంటే చవక. పైన పెద్దగా చూపించాల్సిన ఒక ఖర్చును మాత్రం మేము అడుగున దాచినట్టు రాశాం. ముందు దాని సంగతి.

రోమ్‌లో ఏ హోటల్లో దిగినా నగరపాలకసంస్థకు మనిషికి, రాత్రికి ఇంత అని పన్ను ఉంది. 1 స్టార్‌కు 4 యూరోలు, 2 స్టార్‌కు 5, 3 స్టార్‌కు 6, 4 స్టార్‌కు 7.50. పదేళ్లలోపు పిల్లలకు లేదు. బుకింగ్ సైట్లలో కనిపించే గది రేటులో ఇది చాలాసార్లు కలిసి ఉండదు. హోటల్ కౌంటరు దగ్గర విడిగా అడుగుతారు. నలుగురు పెద్దవాళ్లు 3 స్టార్‌లో 4 రాత్రులు ఉంటే 96 యూరోలు. మా పాత కొటేషన్ చివర 'స్థానిక పన్నులు అదనం' అని చిన్న అక్షరాల్లో ఉండేది. 96 యూరోల సంగతి అలా చెప్పడం తప్పు. ఇకపై ఆ అంకె మొదటి పేజీలోనే, మీ కుటుంబం లెక్క ప్రకారం వేసి ఇస్తాం. వసూలు చేసేది హోటలే, మేము కాదు.

ఎయిర్‌పోర్టు వ్యాను తీసేశాం. ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి రోమ్ ప్రధాన రైల్వేస్టేషను టెర్మినీకి లెయొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు మనిషికి 14 యూరోలు, 32 నిమిషాలు, మధ్యలో ఎక్కడా ఆగదు. అదే ఎయిర్‌పోర్టు స్టేషను నుంచి ఎఫ్‌ఎల్1 అనే లోకల్ రైలు 8 యూరోలే. అయితే అది టెర్మినీకి రాదు. ఓస్టియెన్సేలో దిగి, సొరంగం దారిన పిరమిదే స్టేషనుకు నడిచి, మెట్రో బి లైను ఎక్కితే నాలుగో స్టేషను టెర్మినీ. మెట్రో టికెట్టు 1.50 కలిపి 9.50 అవుతుంది. ఒక్కరో ఇద్దరో చేతిసంచులతో వస్తే ఇదే మేలు. పెద్ద సూట్‌కేసులు ఉంటే ఆ మెట్లూ మలుపులూ విసిగిస్తాయి. నలుగురైతే లెక్క మళ్లీ మారుతుంది: పాత నగర గోడ లోపలికి టాక్సీ స్థిర రేటు 55 యూరోలు, సామానుతో సహా, కారుకు. నాలుగు ఎక్స్‌ప్రెస్ టికెట్లు 56. అందుకే నలుగురు వెళ్లేవాళ్లకు టాక్సీయే చెబుతున్నాం. తెల్ల కారు, తలుపు మీద రోమా అని రాసి ఉన్నదే ఎక్కండి. పక్కనే ఉన్న ఫ్యూమిచీనో పట్టణం టాక్సీలకు ఈ స్థిర రేటు వర్తించకపోవచ్చు. లోపల హాల్లోకి వచ్చి 'టాక్సీ, టాక్సీ' అని పిలిచేవాళ్ల వెంట అసలే వెళ్లకండి.

72 గంటల బస్సు పాసు కూడా తీసేశాం. మూడు రోజుల్లో డజనుకు పైగా ప్రయాణాలు చేస్తే గానీ అది గిట్టదు. పాంథియన్ నుంచి ట్రెవీ ఫౌంటెన్‌కు నడక పది నిమిషాలు. మధ్య రోమ్ అంతా ఇలాగే ఉంటుంది. 1.50 టికెట్టుతో 100 నిమిషాల్లో బస్సులు ఎన్నైనా మారవచ్చు, మెట్రో మాత్రం ఒక్కసారే. కాగితం టికెట్టయితే ఎక్కగానే బస్సులోని యంత్రంలో ముద్ర కొట్టుకోవాలి. ముద్ర లేని టికెట్టు జేబులో ఉన్నా లేనట్టే లెక్క, జరిమానా 50 యూరోలు దాటుతుంది. బ్యాంకు కార్డు ట్యాప్ చేసీ వెళ్లవచ్చు, కానీ మనిషికో కార్డు ఉండాలి. ఒకసారి ఫోన్‌తో, ఇంకోసారి ప్లాస్టిక్ కార్డుతో తాకిస్తే యంత్రం ఇద్దరు మనుషులనుకుని రెండుసార్లు డబ్బు తీస్తుంది. మన కార్డుల్లో అంతర్జాతీయ, కాంటాక్ట్‌లెస్ వాడకాలు ఆపేసి ఉంటాయి. ఇంటి దగ్గరే బ్యాంకు యాప్‌లో రెండూ ఆన్ చేసుకుని బయల్దేరండి. దుకాణంలో యంత్రం 'రూపాయలా, యూరోలా' అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు దుకాణం యంత్రానిది, నష్టం మీది.

ఇక కొలోసియం. ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తున్నాయి. మామూలు టికెట్టు 18 యూరోలు, అందులోనే రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కూడా ఉన్నాయి. 24 గంటలు చెల్లుతుంది, ఒక్కో చోటికీ ఒక్కసారే ప్రవేశం. ఫోరం నుంచి కాఫీకని బయటికి వస్తే మళ్లీ లోపలికి పోనివ్వరు. 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితమే, అయినా సున్నా రేటు టికెట్టు తీసుకోవాల్సిందే. అధికారిక సైట్‌లో టికెట్లు 30 రోజుల ముందే తెరుచుకుంటాయి. సీజన్‌లో మంచి స్లాట్లు చూస్తుండగానే అయిపోతాయి. ఆ పైన దొరికేవి 40, 50 యూరోలకు మధ్యవర్తులు అమ్మేవి. ఇలా బాట్‌లతో, అంటే మనిషి కన్నా వేగంగా కొనే సాఫ్ట్‌వేర్‌తో, టికెట్లు పోగేసుకోవడం మీదే 2025 ఏప్రిల్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ అంతకుముందు కొలోసియం టికెట్లు అమ్మిన సంస్థకూ, ఆరు టూర్ కంపెనీలకూ కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఇకపై మేము అధికారిక సైట్‌లో దొరికితేనే కొంటాం. దొరక్కపోతే ఆ 18 యూరోలు మీకు తిరిగి ఇచ్చేసి, బయట నుంచి చూపిస్తాం. ఇది నచ్చనివాళ్లు బుక్ చేసేముందే చెప్పండి, గైడుతో కలిపి అమ్మే టికెట్టు ధర విడిగా చెబుతాం.

టికెట్టు మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. మనవాళ్ల పేర్లకు ఇక్కడే చిక్కు. పాన్ కార్డులో 'కె. శ్రీనివాస్', పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, అసలు పేరు 'శ్రీనివాస రావు', వాట్సాప్‌లో మాకు పంపేది 'శ్రీను'. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా పాస్‌పోర్టు మారనివాళ్లూ ఉన్నారు. విమానం టికెట్టుకు, హోటల్‌కు, కొలోసియానికి, ఇన్సూరెన్స్‌కు ఒకే స్పెల్లింగు ఉండాలి. అందుకే ఇకపై పేర్లు టైపు చేసి పంపితే తీసుకోం, పాస్‌పోర్టు చూసి మేమే రాసుకుంటాం.

చాలామంది అడిగేది: నెలలో మొదటి ఆదివారం కొలోసియం ఉచితం కదా, ఆ రోజు పెట్టకూడదా? ఉచితమే. కానీ ఆ రోజుకు ముందస్తు బుకింగు లేదు, అక్కడికక్కడే వరుసలో నిలబడి తీసుకోవాలి. 18 యూరోలు మిగిలితే సగం పూట పోతుంది. చలికాలంలో ఫోరం సాయంత్రం 4:30కే మూస్తారు, 3:30 తర్వాత లోపలికి రానివ్వరు, కాబట్టి పోయిన సగం పూట మళ్లీ దొరకదు. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసే ఉంటాయి. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, మధ్యాహ్నం 12:30 వరకే ప్రవేశం. వరుస మాత్రం గోడ పొడవునా ఉంటుంది. బుధవారం పొద్దున పోప్ దర్శనం వల్ల వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి లోపలికి వెళ్లడం కష్టం. వీటన్నిటినీ తప్పించి సోమవారం దిగడం, మంగళవారం కొలోసియం, బుధవారం పాంథియన్, ట్రెవీ వైపు నడక, గురువారం వాటికన్, శుక్రవారం తిరుగు ప్రయాణం అని ఖరారు చేశాం. ఆఫీసు సెలవులు 5 రోజులు పోతాయన్నది నిజమే. వారాంతం కలుపుకునే ప్లాను అడిగితే వేస్తాం, దాని రేటు ఎక్కువ.

వాటికన్ మ్యూజియంల టికెట్టు కౌంటరులో 20 యూరోలు, ఆన్‌లైన్‌లో 25. ఆ 5 యూరోలు పెట్టండి, దండగ కాదు. సెయింట్ పీటర్స్ లోపలికి ఉచితం. గోపురం ఎక్కాలంటే 551 మెట్లు. లిఫ్టు ఉందని ధైర్యం చెప్పుకునేవాళ్లకు ఒక మాట: అది మిద్దె దాకానే, అక్కడి నుంచి ఇంకా 320 మెట్లు, చివర గోడ ఒరిగి ఉండే ఇరుకు దారి. మోకాళ్ల నొప్పులుంటే వద్దు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. చుడీదారుతో, చీరతో ఇబ్బంది లేదు. షార్ట్స్‌లో వచ్చే అబ్బాయిలనే ఎక్కువగా ఆపుతారు.

రాత్రి భోజనాలు ప్యాకేజీ నుంచి తీసేశాం. టెర్మినీ పక్కన ఎస్క్విలీనో మార్కెట్లో బంగ్లాదేశీ కొట్లు ఉన్నాయి, బియ్యం, పప్పు, బెండకాయలు దొరుకుతాయి. శాకాహారులకు అర్రబ్యాతా పాస్తా మన నాలుకకు దగ్గర, వెల్లుల్లి, ఎండుమిర్చితో చేస్తారు. కార్బొనారాలో, అమాత్రిచానాలో పంది మాంసం ఉంటుంది. సుప్లీ అనే వేయించిన అన్నం ఉండ చూడటానికి మన బోండాలా ఉంటుంది, లోపల తరచూ కైమా కలిపిన సాసు ఉంటుంది. గుమ్మడి పువ్వు బజ్జీలో చేప ముక్క పెడతారు. 'మాంసం వద్దు' అంటే సరిపోదు, అక్కడ హామ్‌ను, చేపను వేరేగా లెక్కిస్తారు. 'సెంజా కార్నె, సెంజా ప్రొషుట్టో, సెంజా పేషే' అని మూడూ చెప్పండి. ముక్కల పిజ్జా తూకానికి అమ్ముతారు, 'ఉన్ ఎట్టో' అంటే 100 గ్రాములు. కాఫీ నిలబడి తాగితే యూరోకు కాస్త అటూ ఇటూ. అదే చౌరస్తాలో కుర్చీలో కూర్చుంటే మూడు నాలుగు రెట్లు.

నీళ్ల సీసాలు కొనకండి. వీధుల్లో నసోనీ అనే ఇనుప కొళాయిలు సుమారు 2500 ఉన్నాయి, నీళ్లు ఆగకుండా కారుతుంటాయి, తాగేవే. ముక్కులా వంగిన గొట్టం చివరను వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. సీసా నింపుకోవాలంటే వేలు తీయండి. సామానులో ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లవచ్చు, చెకిన్ బ్యాగులో పెట్టండి. నెయ్యి సీసా మాత్రం వద్దు, పాల, మాంస పదార్థాలు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి సామానులో తేకూడదు.

వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. తిరస్కరించినా తిరిగి రాదు, మా సర్వీసు చార్జి మాత్రం సగం వెనక్కి ఇస్తాం. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పడుతుంది. కాబట్టి మూడు నెలల ముందే దరఖాస్తు పెడతాం, కొలోసియం టికెట్లు తెరుచుకునేలోపు పాస్‌పోర్టు చేతికి రావాలి. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట విమానం మారేవాళ్లకు ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. 2025 అక్టోబరు నుంచి వేలిముద్రలు, ఫోటో తీసుకోవడం మొదలైంది కాబట్టి 3 గంటల కన్నా తక్కువ విరామం ఉన్న టికెట్లు ఇకపై వేయం. గల్ఫ్ మీదుగా వెళ్తే ఆ పని రోమ్‌లోనే అవుతుంది.

ఫిబ్రవరి బ్యాచ్‌వాళ్లు పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు స్కాన్ చేసి నవంబరు 5 లోపు పంపండి. ఫోన్‌తో తీసిన ఫోటో అయితే అంచులు నాలుగూ కనపడాలి, ఫ్లాష్ వెలుగు పేరు మీద పడకూడదు. పాత పాస్‌పోర్టు ఉంటే అదీ కలపండి.