ఫారం నింపకముందే అనుమతి అడుగు

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు కుదుటగా లేదు. గ్రూప్-1 నోటిఫికేషన్ రాగానే వైమానిక దళంలో నీ సెక్షన్‌లో ఎవరికీ చెప్పకుండా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడతానని, ఎంపికయ్యాక ఎన్‌ఓసీ (దళం ఇచ్చే నిరభ్యంతర పత్రం) సంగతి చూసుకోవచ్చని రాశావు. వద్దురా, ఆ పని మాత్రం చేయకు.

2019 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కేసు అచ్చం ఇలాంటిదే. ముందస్తు అనుమతి లేకుండా బ్యాంకు ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు చేసి ఎంపికైన ఎయిర్‌మన్ అతను, మనలాగే ఆఫీసరు హోదా లేని వైమానిక సైనికుడు. నచ్చిన వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది కదా అని వాదించాడు. వైమానిక దళంలో చేరినవాడికి తన ఇష్టప్రకారం వదిలి వెళ్లే హక్కు లేదని కోర్టు తేల్చి చెప్పింది. సాయుధ దళాల వాళ్ల ప్రాథమిక హక్కులకు పార్లమెంటు పరిమితులు పెట్టవచ్చని 33వ అధికరణంలోనే ఉంది. చేరేటప్పుడు మనం ఒప్పుకుని సంతకం పెట్టింది 20 ఏళ్లకు.

అలాగని తలుపులు పూర్తిగా మూసేయలేదు. ఏడేళ్ల సర్వీసు, ట్రేడులో (మన పని విభాగంలో) నైపుణ్యానికి ఇచ్చే స్కిల్ గ్రేడ్-ఎ ఉంటే గ్రూప్-ఎ స్థాయి సివిల్ పోస్టుకు అనుమతి అడగవచ్చని వైమానిక దళం 2017 నాటి ఉత్తర్వులో ఉంది. పోస్టు జీతం కేంద్రం జీతాల పట్టికలోని లెవెల్ 10కి తగ్గకూడదు. చిక్కంతా అక్కడే వస్తుంది. మన రాష్ట్రాల గ్రూప్-1, గ్రూప్-2 వర్గాలు వేరు, కేంద్రం చెప్పే గ్రూప్-ఎ, గ్రూప్-బి వేరు. పే స్కేళ్లూ ఒకటి కావు. కాబట్టి నువ్వు కోరే పోస్టు స్కేలు కాగితం ముందే సంపాదించి దరఖాస్తుకు జతచెయ్యి. గ్రూప్-2 మీద ఆశ పెట్టుకోకు.

దళం వైపు న్యాయం నాకు తెలుసు. విమానం మీద సొంతంగా పనిచేసే ఫిట్టర్ తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. అందరూ ఒకేసారి వెళ్లిపోతే హ్యాంగర్‌లో ఎవరుంటారు? కాదనే అధికారం వాళ్లకు ఉండాల్సిందే. కానీ కాదంటే గడువులోపే కారణం రాసి కాదనాలి. నాతో పనిచేసే కుర్రాడి దరఖాస్తు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు తిరుగుతుండగానే చివరి తేదీ దాటిపోయింది. అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేదు. రాత్రి డ్యూటీల మధ్య నిద్ర మానుకుని చదివినవాడురా వాడు. నీలాంటి వాళ్లు చెప్పకుండా ఫారాలు నింపడానికి ఆ మౌనమే కారణం. దాని మీద నాకు నిజంగా కోపం ఉంది.

ఇంకో సంగతి నువ్వు లెక్కలోకి తీసుకోలేదు. 15 ఏళ్లు నిండకుండా నీ కోరిక మీద బయటికి వస్తే సర్వీసు పింఛను రాదు, మాజీ సైనికుడి హోదా కూడా రాదు. ఆ రిజర్వేషన్లూ, వైద్య సదుపాయమూ పోయినట్టే. కొత్త ఉద్యోగంలో ఉండేది చందా కట్టే పింఛను. డిప్యూటీ కలెక్టర్ పోస్టు వస్తే ఇదంతా వదులుకున్నా నష్టం లేదంటాను. అంతకంటే చిన్నదైతే జానకితో కూర్చుని మాట్లాడు. పిల్లల చదువు, మీ నాన్న మందుల ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

వెళ్లాలని ఉంటే ధైర్యంగా వెళ్లు. ఊరికి దగ్గరగా ఉండి అమ్మానాన్నలను చూసుకోవాలన్న నీ ఆరాటం తప్పని ఎవరనగలరు? అయితే నోటిఫికేషన్ వచ్చిన రోజే దరఖాస్తు రాసి సెక్షన్ ఇన్‌ఛార్జికి ఇవ్వు. రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకుని దాచుకో. వారంలో కదలిక లేకపోతే యూనిట్ పరిపాలన చూసే ఆఫీసరు అడ్జుటెంట్‌ను కలవడానికి సమయం అడుగు.

ముసాయిదా రాసి నాకు పంపు. ఆదివారం నాకు డ్యూటీ లేదు, చదివి సాయంత్రం ఫోన్ చేస్తాను.

నీ
సత్యం