మన కొట్టులో పాలు, గుడ్లు, కోడిమాంసం ఎందుకు పెడుతున్నామంటే

అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం మెంఫిస్‌లో ఉన్న మన ఇండియన్ కిరాణా కొట్టులో కొన్ని మార్పులు చూస్తారు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెబుతుంటే ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా చేరుతోంది, అందుకని అంతా ఒకేచోట రాసేస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు మార్పుల సంగతి. కుడివైపు గోడకున్న ఫ్రీజర్లలో రెండు తీసేస్తున్నాం, అంటే ఫ్రోజెన్ పరాఠాల్లో, స్నాక్స్‌లో రకాలు తగ్గుతాయి. ఆ చోట్లో పాలు, గుడ్లు, వెన్న, బ్రెడ్ వస్తాయి. కూరగాయల వైపు అరటిపళ్లు, యాపిల్స్, బంగాళాదుంపలు, క్యాబేజీ, ఇక్కడివాళ్లు బాగా వండుకునే కాలర్డ్ ఆకు పెడుతున్నాం. వెనక మూల తలుపున్న ఫ్రీజర్‌లో ప్యాక్ చేసిన కోడిమాంసం ఉంటుంది. శాకాహారం తినే ఇళ్లవాళ్లు ఇప్పటికే అడిగారు కాబట్టి స్పష్టంగా చెబుతున్నా: అది పూర్తిగా వేరే ఫ్రీజర్, ఇక్కడ కొయ్యడాలేమీ ఉండవు, సీలు వేసిన ప్యాకెట్లే. గోంగూర, కరివేపాకు, దొండకాయలు, ములక్కాడలు అట్లాంటా లోడుతో గురువారం సాయంత్రం ఎప్పటిలాగే వస్తాయి. సోనా మసూరి గురించి ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

ఇక ఎందుకు అన్నది. మన కొట్టు మెంఫిస్‌లో వించెస్టర్ రోడ్డు మీద, హికరీ హిల్ వైపు ఉంది. మీలో చాలామంది కాలియర్‌విల్ నుంచో, జర్మన్‌టౌన్, కార్డోవాల నుంచో కారులో వస్తారు, ఫెడెక్స్ నుంచి ఇంటికెళ్తూ ఆగేవాళ్లూ ఉన్నారు. దారిలో మంచి మంచి సూపర్ మార్కెట్లు దాటుకుని, పచ్చళ్ల కోసం, పప్పుల కోసం మన దాకా వస్తారు. మన కొట్టు వెనకున్న అపార్ట్‌మెంట్లలో వాళ్లకి అలా దాటుకుని రావడానికి ఏవీ లేవు. ఉన్న ఒక్క సూపర్ మార్కెట్టూ మూసేశారు. మిగిలినవి చవక సరుకులమ్మే డాలర్ స్టోర్లు, గ్యాస్ స్టేషన్లు అంటే పెట్రోల్ బంకులు. వాటిలో చిప్స్ దొరుకుతాయి, డబ్బాల్లో బీన్స్ దొరుకుతాయి, టమాటా దొరకదు.

దీన్ని ఫుడ్ డెజర్ట్ అంటారు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం, ఆదాయం తక్కువున్న ప్రాంతంలో కనీసం 500 మందికి గానీ, మూడోవంతు జనానికి గానీ సూపర్ మార్కెట్ దూరమైతే ఆ ప్రాంతం అందులోకి వస్తుంది. దూరం అంటే ఊళ్లో ఒక మైలు, పల్లెల్లో పది మైళ్లు. కారున్నవాళ్లకి మైలు ఏపాటి? జూలై ఎండలో, పక్కన నడిచే దారి కూడా సరిగ్గా లేని వించెస్టర్ రోడ్డు మీద, గాలన్ పాలు ఒక చేత్తో, పిల్లాడి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని నడిచేవాళ్లని నేను కౌంటర్‌లోంచి చూస్తూనే ఉంటాను. బస్సు ఉంది కానీ ఒకటి తప్పిపోతే రెండోదాని కోసం చాలాసేపు నిలబడాలి, అప్పటికి చేతిలో ఉన్న కోడిమాంసం సంగతి ఏమవుతుందో మీరే ఆలోచించండి.

నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. 1916 సెప్టెంబరులో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన ఇదే మెంఫిస్‌లో, జెఫర్సన్ అవెన్యూలో, పిగ్లీ విగ్లీ అని కొట్టు తెరిచారు. అంతకుముందు కౌంటర్ దగ్గర నిలబడి కావాల్సినవి చెబితే గుమాస్తా తెచ్చి ఇచ్చేవాడు. బుట్ట పట్టుకుని మనమే అరల మధ్య తిరిగి తీసుకునే పద్ధతి అక్కణ్నుంచే పాకింది. సూపర్ మార్కెట్‌కి పుట్టిల్లు లాంటి ఊరిది. అదే ఊళ్లో 2018లో క్రోగర్ అనే సూపర్ మార్కెట్ల సంస్థ లామార్ అవెన్యూలో ఒక కొట్టు, సౌత్ థర్డ్ స్ట్రీట్‌లో ఒక కొట్టు మూసేసింది. లామార్ కొట్టు మీద ఆధారపడ్డవాళ్లలో ఆరెంజ్ మౌండ్ జనం ఉన్నారు, నల్లజాతివాళ్లు తమ సొంత ఇళ్లు కట్టుకోవడానికి 1890లో మొదలైన పేట అది. మెంఫిస్ ఉన్న షెల్బీ కౌంటీ మ్యాపు తీసి చూస్తే, తూర్పున మనవాళ్లు ఉండే వైపు సూపర్ మార్కెట్లు గుట్టలుగా ఉంటాయి, పడమటికి, దక్షిణానికి వెళ్లేకొద్దీ పలచబడిపోతాయి.

ఇది మనకి సంబంధం లేని విషయం అనుకోకండి. యూనివర్సిటీ ఆఫ్ మెంఫిస్‌కి కొత్తగా వచ్చిన మన పిల్లల్లో ఎంతమందికి కారుంది? ఒక్కడు కారు కొనుక్కుంటే ఆ అపార్ట్‌మెంట్ అంతా వాడి మీద ఆధారపడుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా అంతే, ఊళ్లో వీధి చివర కొట్టుకి రోజూ నడిచెళ్లి కొత్తిమీర తెచ్చుకున్న మనిషి ఇక్కడ శనివారం దాకా ఎదురుచూడాలి. మన పిల్లలకి ఇది రెండేళ్ల ఇబ్బంది, అమ్మానాన్నలకి ఆరునెలల ఇబ్బంది. మన పక్కింటివాళ్లకి రోజూ ఉండేదే ఇది.

పోయినేడు మనం ఈబీటీ కార్డులు తీసుకోవడం మొదలుపెట్టాం కదా, అంటే స్నాప్, ఆదాయం తక్కువున్నవాళ్లు తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం, పాతరోజుల్లో ఫుడ్ స్టాంప్స్ అనేవాళ్లు. దానికి అనుమతి కావాలంటే కొట్టులో నాలుగు రకాల తిండి ఉండాలి: పళ్లు కూరగాయలు, పాల సరుకు, మాంసం చేపల్లాంటివి, రొట్టె ధాన్యాలు. నేను అప్లికేషన్ పెట్టినప్పుడు ఉన్న నియమం ఏంటంటే ఒక్కోదాంట్లో కనీసం మూడు రకాలు, ఒక్కో రకం కనీసం మూడేసి అరలో ఉండాలి. ఆ కార్డుతో సబ్బులు, అగరొత్తులు కొనలేరు, వేడివేడి సమోసా కూడా కొనలేరు, వేడి తిండికి అది పనికిరాదు. టెన్నెసీలో బియ్యం మీద, కూరగాయల మీద కూడా టాక్స్ ఉంది, రాష్ట్రానిది 4 శాతం, మెంఫిస్‌లో లోకల్‌ది కలిపితే 6.75. స్నాప్‌తో కొన్నవాటికి మాత్రం టాక్స్ వెయ్యకూడదని ఫెడరల్ చట్టం. వాళ్లకి టాక్స్ లేదు, మాకెందుకు అని ఒకరిద్దరు అడిగారు, కారణం ఇదే. నన్నడిగితే తిండి సరుకు మీద ఎవరికీ టాక్స్ ఉండకూడదు.

2025 అక్టోబరులో బడ్జెట్ కుదరక ఫెడరల్ ప్రభుత్వం మూతపడి, నవంబరు నెల స్నాప్ డబ్బులు టైముకి పడనప్పుడు, కార్డు గీకి, లేదని తెలిసి, ఒక్కో సరుకూ తీసి పక్కన పెట్టేసిన తల్లులని చూశాను. అప్పటికి దేశం మొత్తం మీద దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది ఈ సాయం అందుకుంటూ ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్ల బియ్యం, పప్పులకి డబ్బు కట్టి వెళ్లిన మన కస్టమర్లు కొందరున్నారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు, కానీ మీ మేలు మర్చిపోను.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. “అక్కా, ఈ మధ్య కొట్టుకి వచ్చే జనం మారిపోయారు, పిల్లలతో రావాలంటే ఇబ్బందిగా ఉంది” అని కొన్ని మెసేజ్‌లు వచ్చాయి. పార్కింగ్‌లో లైట్లు తక్కువన్న మాట నిజం, బిల్డింగ్ ఓనరుతో మాట్లాడి కొత్తవి పెట్టిస్తున్నాం. అంతవరకు మీరు చెప్పింది న్యాయం. కానీ మనుషులు మారారనడం దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. వాళ్లు ఇక్కడ మనకంటే ముందు నుంచీ ఉన్నారు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చే నర్సింగ్ హోమ్ ఆయాలు, గోదాముల్లో పెట్టెలు మోసేవాళ్లు, మనవళ్లని పెంచుకుంటున్న నాయనమ్మలు. బెండకాయ వాళ్లూ వండుకుంటారు, మనమూ వండుకుంటాం, ఎలా వండుతారని ఒకరినొకరు అడగడం మన కొట్టులో నేను చాలాసార్లు విన్నాను. పిల్లలని తీసుకురండి.

డబ్బు సంగతి కూడా దాచను. కిరాణా వ్యాపారంలో వంద డాలర్ల అమ్మకం మీద చివరికి రెండు డాలర్లు మిగిలితే గొప్ప. 2025 ఆగస్టులో ఇండియా సరుకు మీద సుంకం 50 శాతానికి వెళ్లినప్పుడు ఆ రెండూ కూడా మిగల్లేదు. పాలు, గుడ్ల డిస్ట్రిబ్యూటరు ఇంత కొంటేనే లారీ ఆపుతానంటాడు. పెద్ద చైన్ కొట్టులో గాలన్ పాలు అమ్మే ధరకి నాకు హోల్‌సేల్‌లో కూడా దొరకవు. సరైన కారణం లేకుండా ఒకే సరుకుని చిన్న కొట్టుకి ఎక్కువకీ పెద్ద కంపెనీకి తక్కువకీ అమ్మి పోటీని దెబ్బతీయకూడదని 1936లోనే రాబిన్సన్ పాట్‌మన్ చట్టం వచ్చింది, 1980ల నుంచి దాన్ని అమలు చేయడం బాగా తగ్గిపోయింది, చిన్న కొట్లు ఒక్కోటీ మూతపడటానికి అదొక పెద్ద కారణమని నా నమ్మకం. కాబట్టి మన దగ్గర పాల ధర కాస్త ఎక్కువే ఉంటుంది. లాభం చూసుకోకుండా పెడుతున్నా, అయినా ఎక్కువే.

ఇంకోటి, మనం ఇవన్నీ పెట్టినా వ్యవసాయ శాఖ ఫుడ్ డెజర్ట్ మ్యాపులో ఈ పేట రంగు మారదు, వాళ్లు సూపర్ మార్కెట్లని, పెద్ద కిరాణా కొట్లనే లెక్కలోకి తీసుకుంటారు, మనలాంటి చిన్నవాటిని కాదు. ఫరవాలేదు.

మీ దగ్గర నాకు కావాల్సింది విరాళం కాదు. ఎలాగూ పచ్చళ్లకో పిండికో వస్తారు కదా, వచ్చినప్పుడు ఆ వారం పాలు, గుడ్లు, ఉల్లిపాయలు, అరటిపళ్లు కూడా ఇక్కడే తీసుకోండి. పాలకి డేటు ఉంటుంది, కూరగాయలు కుళ్లిపోతాయి, మీరు కొంటే సరుకు తిరుగుతుంది, సరుకు తిరిగితేనే వెనక అపార్ట్‌మెంట్లవాళ్లకి మంగళవారం కూడా తాజావి దొరుకుతాయి. కుదిరితే చిన్న బిల్లులకి క్రెడిట్ కార్డు బదులు డెబిట్ ఇవ్వండి, ఫీజు తగ్గుతుంది.

ఆరునెలలు చూస్తాం. నిలబడకపోతే కోడిమాంసం ముందు తీసేస్తాం, పాలు, గుడ్లు, కూరగాయలు మాత్రం నష్టమొచ్చినా ఆఖరి దాకా ఉంచాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. ఫ్రీజర్లు మార్చే సోమవారం, మంగళవారం కొట్టు మధ్యాహ్నం రెండింటికి తెరుస్తాం. తీసేసే ఫ్రీజర్లలోని పరాఠాలు, స్నాక్స్ ఈ శనివారం నుంచి సగం ధరకే ఇస్తున్నాం. యూనివర్సిటీ పిల్లలు ఎవరైనా కలిసి ఆర్డరు పెడితే శనివారం సాయంత్రం మా ఆయన వ్యాన్‌లో తెచ్చి ఇస్తారు, డెలివరీ చార్జీ లేదు, శుక్రవారం రాత్రిలోపు లిస్టు పంపండి.