వాటర్-మిథనాల్ కిట్ బిగించుకున్న అన్నలందరికీ: ఒకసారి బండి షాపుకు తీసుకురండి

అన్నలందరికీ నమస్తే. పోయిన ఏడాది నుంచి వరంగల్‌లో మన షాపులో పదకొండు టర్బో డీజిల్ బండ్లకు వాటర్-మిథనాల్ కిట్ బిగించాను. అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లార్చడానికి నీళ్లు, మిథనాల్ అనే స్పిరిట్ కలిపి ట్యాంకు నుంచి పంపుతో తుంపరగా కొట్టే ఏర్పాటు. అందులో ఒక బండి ఇంజిన్ పోయిన నెల నా ఫిట్టింగ్ తప్పు వల్లనే దెబ్బతిన్నది. ఈ మాట మీకు ఎవరి నుంచో తెలిసేకంటే నేనే చెప్పడం న్యాయం.

అది హసన్‌పర్తి వైపు నుంచి వచ్చే ఒక తమ్ముడి పికప్. నింపడం సులువుగా ఉంటుందని ట్యాంకును క్యాబిన్ వెనక బాడీలో పెట్టాను. తుంపర కొట్టే నాజిల్ ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే జాలీ) దాటాక, మేనిఫోల్డ్‌కు (గాలిని సిలిండర్లకు పంచే భాగం) ముందు పైపులో ఉంటుంది, అంటే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నీటి మట్టం నాజిల్ కన్నా పైన. పంపు ఆగినప్పుడు నీళ్లు దానంతటవే కారకుండా మధ్యలో ఒక నాన్‌రిటర్న్ వాల్వ్ (పంపు ఒత్తిడికి తెరుచుకుని, ఒత్తిడి పోగానే స్ప్రింగ్‌తో మూసుకునేది) పెట్టి ఇది చాలనుకున్నాను, సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) పెట్టలేదు. తర్వాత ఒకరోజు బ్యాటరీ నీళ్లు దొరక్క డ్రైవర్ బోరు నీళ్లు పోశాడు. మన బోరు నీళ్ల సంగతి ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది, ఆ తెల్ల పొరే వాల్వ్‌లో పట్టి అది పూర్తిగా మూసుకోకుండా అయింది. రాత్రంతా చుక్క చుక్క కారి, తెరిచి ఉన్న ఇన్‌లెట్ వాల్వ్ గుండా ఒక సిలిండర్‌లోకి దిగింది. పొద్దున సెల్ఫ్ కొడితే టక్కున ఆగింది, ఏమో అనుకుని ఇంకో రెండుసార్లు కొట్టాడు. హెడ్ విప్పి చూస్తే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను కింది షాఫ్టుకు కలిపే కడ్డీ) వంగి ఉంది.

గాలిని ఎంతైనా నొక్కవచ్చు, నీళ్లను నొక్కలేము. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక మిగిలే జాగా ఒక్కో సిలిండర్‌కు దాదాపు 40 మిల్లీలీటర్లు, అంటే చిన్న చాయ్ గ్లాసులో సగం. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైకి పోలేక ఆగుతుంది, ఇంకా బలంగా తిప్పితే రాడ్డు వంగుతుంది. సామాను, లేబర్, బండి ఆగిన తొమ్మిది రోజుల కిరాయి అన్నీ నేనే పెట్టుకున్నాను. ఇందులో డ్రైవర్ తప్పు లేదు, ఏ నీళ్లు పోయాలో ట్యాంకు మీద రాసి అంటించాల్సింది నేను.

అట్లని కిట్ పనికిరానిది అనడం లేదు. టర్బో గాలిని నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది, ఇంటర్‌కూలర్ దాన్ని బయటి గాలితోనే చల్లార్చాలి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో, లోడు మీద నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ రెండో గేరులో ఎక్కుతుంటే బయటి గాలే వేడి, పైగా బండి నెమ్మది కాబట్టి ఇంటర్‌కూలర్‌కు ఎదురుగాలి తగలదు. అప్పుడు సన్నటి తుంపర కొడితే ఒక కిలో నీరు ఆవిరవుతూ దాదాపు 2,257 కిలోజౌళ్ల వేడిని లాగేస్తుంది. మిథనాల్ లాగేది అందులో సుమారు సగమే, కానీ అది మండుతుంది కాబట్టి పవర్ పెరిగినట్టు తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ విమానాల పెట్రోల్ ఇంజిన్లకు సగం నీరు, సగం మిథనాల్ కొట్టింది కూడా అదనపు పవర్ కోసమే. మనకు ఘాట్ మీద కావలసింది చల్లదనం. టర్బోకు ముందు ఎగ్జాస్ట్ (ఇంజిన్ నుంచి వచ్చే పొగ) వేడి 700 డిగ్రీలు దాటి అట్లాగే ఉంటే పిస్టన్లు, టర్బో రెండూ ప్రమాదంలో పడతాయి, ఆ వేడిని దించడానికి ఉత్త నీళ్లు చాలు.

అందుకే ఇకనుంచి మన షాపులో మిథనాల్ కలపడం బంద్. అది విషం, కల్తీ సారాలో మనుషుల కళ్లు, ప్రాణాలు తీసేది అదే. చర్మం నుంచి కూడా ఒంట్లోకి పోతుంది, పగటిపూట దాని మంట కంటికి సరిగా కనిపించదు. అలాంటి క్యాన్‌ను పిల్లలు తిరిగే ఇంటి వాకిట్లో పెట్టుకోమని ఇన్నాళ్లు మీకు ఇచ్చి పంపినందుకు నిజంగా బాధపడుతున్నాను. ఉత్త నీళ్లతో పవర్ పెరగదు, ఆ మాట ముందే చెబుతున్నాను, వేడి మాత్రం తగ్గుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లకు అసలు బిగించను, వాటి సెన్సర్లు, ఫిల్టర్ల జోలికి పోవడం నాకు ఇష్టం లేదు.

ఇంకో సంగతి. కిట్ కావాలని వచ్చిన బండ్లలో చాలావాటికి కిట్ అవసరమే లేదు. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు తిరిగే బండ్ల ఇంటర్‌కూలర్, రేడియేటర్ సందుల నిండా దూది, దుమ్మే. దాన్ని కడిగి, పగిలిన బూస్ట్ పైపు (టర్బో గాలి పోయే పైపు) మార్చితేనే సగం కంప్లైంట్లు పోతాయి. ఇప్పటినుంచి ముందు అది చూస్తాను, తర్వాత ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటర్ పెట్టి ఒక ట్రిప్పు తిప్పమంటాను, అప్పుడు కూడా కావాలంటేనే కిట్.

ఇప్పటికే బిగించుకున్న మిగతా పది మంది బండి తీసుకురండి. ట్యాంకును నాజిల్ కన్నా కిందికి మార్చి, నాజిల్ దగ్గర సోలెనాయిడ్ పెట్టి ఇస్తాను, పైసా తీసుకోను. ఆదివారాలు కూడా షాపు తెరిచే ఉంటుంది. వచ్చేదాకా ట్యాంకు కింద ఉన్న కాక్ (చిన్న నల్లా) మూసేసి, పంపు ఫ్యూజు తీసేయండి. ఫ్యూజు ఒక్కటే తీస్తే చాలదు, పంపు ఆగినా నీళ్లు కారతాయి. ట్యాంకులో మిథనాల్ ఉంటే మీరు ఖాళీ చేయకండి, తాగే నీళ్ల సీసాల్లో అస్సలు పట్టకండి, నేనే తీస్తాను. పొద్దున సెల్ఫ్ కొట్టగానే టక్కున ఆగితే మళ్లీ కొట్టొద్దు, తోసి స్టార్ట్ చేయొద్దు, నాకు ఫోన్ చేయండి. నేనే మీ దగ్గరికి వచ్చి ఇంజెక్టర్లు విప్పి నీళ్లు తీస్తాను.