మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఏం చేశాం, ఎందుకు చేశాం

సభ్యులందరికీ నమస్కారం. లెక్కల పత్రం విడిగా పంపుతున్నాం, దాని మీద సర్వసభ్య సమావేశంలో తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇక్కడ పనుల గురించి మాత్రమే రాస్తున్నా, కొంచెం పొడుగయింది, ఓపిగ్గా చదవండి.

మందులిచ్చినా వాడరు, ఫ్రీగా టెస్టులు పెట్టినా రారు, పిల్లల్ని బడి మానిపించేస్తారు, ఎంత చెప్పినా అంతే... కూలిపని చేసుకునే ఇళ్లవాళ్ల గురించి ఈ మాట అందరం ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటాం. ఈ ఏడాది మాత్రం రాని మనిషిని కాదు, రమ్మంటున్న చోటుని చూద్దామని తీర్మానించుకున్నాం. ఆస్పత్రి ఎప్పుడు తీస్తారు, కౌంటర్ ఎప్పుడు మూస్తారు, బడి ఎప్పుడు వదులుతారు, ఆ టైముకి ఆ ఇంట్లోవాళ్లు ఎక్కడుంటారు? మన వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి అడిగినవి ఇవే.

వచ్చిన జవాబులు చూస్తే ఎక్కడికక్కడ ఒకటే లెక్క. పొద్దున టోకెన్ తీసుకోవాలి, డాక్టర్ టెస్ట్ రాస్తే అది ఇంకో రోజు చేస్తారు, రిపోర్ట్ మరో రోజు ఇస్తారు, అంటే ఒక్క జబ్బు చూపించుకోడానికి మూడు రోజుల కూలి పోతుంది, పైగా షిఫ్ట్ మానితే మళ్లీ పనిలోకి పిలుస్తారన్న నమ్మకం లేదు. ఇంట్లో తల్లి మంచానపడితే ఆమె చూసుకునే చిన్నపిల్లల్ని ఎవరు చూడాలి, పెద్దమ్మాయే చూడాలి, ఆ అమ్మాయి అటెండెన్స్ పడిపోతుంది, అటెండెన్స్ లేదని పరీక్ష రాయనివ్వరు. ఆస్పత్రి రూలు, పని రూలు, బడి రూలు దేనికది చూస్తే తప్పుపట్టడానికేం లేదనిపిస్తుంది, మూడూ కలిసి ఒకే ఇంటి మీద పడతాయన్నది మాత్రం ఏ ఆఫీసులోనూ ఎవరూ చూడరు. నన్నడిగితే ఈ ఏడాది మనం తెలుసుకున్నవాటిలో ముఖ్యమైంది ఇదే.

ఈ సర్వేకి తోడుగా నెలనెలా చదువు గోష్ఠి నడిపాం. మొదట్లో పల్చగా వచ్చారు, బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ పరిశోధన గురించి మాట్లాడుకున్న రోజు నుంచి మాత్రం హాలు నిండింది. 1967లో మొదలైన ఆ పరిశోధనలో దాదాపు 18,000 మంది మగ ఉద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించారు. అందరికీ ఉద్యోగం ఉంది, జీతం వస్తుంది, వైద్యం ఉచితం, అయినా అట్టడుగు గ్రేడ్‌లో మెసెంజర్లు, గేటు దగ్గర కూర్చునేవాళ్లు పైగ్రేడ్ అధికారుల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ రేటులో చనిపోయారు. సిగరెట్, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కేసినా తేడాలో ఎక్కువ భాగం అలాగే మిగిలిపోయింది. 1985లో ఆడవాళ్లని కూడా కలుపుకుని పరిశోధకుడు మైకేల్ మార్మట్ బృందం రెండో విడత మొదలుపెట్టింది, తన పని మీద తనకి ఏ అధికారమూ లేనివాళ్లకి గుండెజబ్బు ఎక్కువ వస్తోందని అందులో బయటపడింది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు నీళ్లు తాగాలో కూడా ఇంకొకరిని అడగాల్సిన పనులు చేసే సభ్యులు మనలో చాలామంది ఉన్నారు, ఆ రోజు వాళ్లు మాట్లాడింది నేను రాసుకున్నాను, వాళ్లు ఒప్పుకుంటే విడిగా పంచుతాను.

సాయంత్రం చదువుకునే గది పెట్టాలన్న ఆలోచనకి ఆస్ట్రియాలోని మారియంతాల్ ఊరు కారణం. అక్కడ ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది, 1930 నాటికి అది మూతపడింది. మారీ యాహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు అక్కడికి వెళ్లి చూసి 1933లో పుస్తకం వేశారు. పని లేక టైమంతా చేతిలోనే ఉంది, లైబ్రరీలో రుసుం కూడా తీసేశారు, అయినా జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి, వీధిలో మగవాళ్ల నడక కూడా నెమ్మదించింది. ఖాళీ దొరికితే చదువుకుంటారులే అనుకోవడం ఎంత పొరపాటో అది చదివాక అర్థమైంది. అందుకే మన గదిని పరీక్షల పిల్లల కోసమే కాకుండా పని పోయిన పెద్దవాళ్లకి కూడా తెరిచాం, ఉత్తరం రాయించుకోడానికో పేపర్ చదవడానికో వస్తున్నారు, ఒకరిద్దరు పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లు రోజూ టైముకి వచ్చి కూర్చోవడం చూస్తుంటే ఆ గదికి పెట్టిన ఖర్చు సార్థకమైందని నాకనిపిస్తుంది.

పింఛను, స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టే డెస్క్ కూడా బాగా నడిచింది. దీనికి నిధులెందుకు, దరఖాస్తు ఎవరికి వాళ్లు పెట్టుకోలేరా అని ఒక సభ్యుడు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబుగా ఒక ఊరి సంగతి చెప్తా. కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని డాఫిన్ పట్టణంలో 1974 నుంచి 1979 వరకు తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి ఇంత ఆదాయం గ్యారంటీ అని ఇచ్చి చూశారు. ఆర్థికవేత్త ఎవెలిన్ ఫర్జే చాలా ఏళ్ల తర్వాత ఆ రికార్డులు తవ్వి 2011లో రాసింది ఏంటంటే, అలాంటి మిగతా చోట్లతో పోలిస్తే అక్కడ ఆస్పత్రిలో చేరడం 8.5 శాతం తగ్గింది, ముఖ్యంగా దెబ్బలు తగలడం, మానసిక సమస్యలు తగ్గాయి, స్కూలు చివరి క్లాసు దాకా చదివే పిల్లలు పెరిగారు. కొత్త ఆస్పత్రి కట్టలేదు, పిల్లలకి క్లాసు పీకలేదు, ఇంట్లోకి నెలనెలా డబ్బు వస్తుందన్న ధైర్యం ఇచ్చారంతే. మనం డబ్బు ఇవ్వలేం, కానీ రావాల్సిన పింఛనూ స్కాలర్‌షిప్పూ ఒక పేపరు తక్కువైందని ఆగిపోకుండా చూడగలం. ఎక్కువ దరఖాస్తులు వెనక్కొచ్చింది పేరు స్పెల్లింగ్ ఒక కాగితంలో ఒకలా ఇంకో కాగితంలో ఇంకోలా ఉన్నందుకే, మనిషికి అర్హత లేక కాదు.

అవగాహన సదస్సులు బాగా తగ్గించాం. దీని మీద కొందరికి అభ్యంతరం ఉందని తెలుసు, చర్చిద్దాం. నా అభిప్రాయం మాత్రం, వేళకి మందు వేసుకోమని చెప్పడం కన్నా ఆ మందు పనయ్యాక సాయంత్రం దొరికేలా చేయడం ఎక్కువ పనిచేస్తుంది. ఇది కొత్తమాట కూడా కాదు, 1848లో అప్పర్ సైలీషియాలో (ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉంది) జ్వరాలు ప్రబలితే అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా ప్రభుత్వం పంపగా వెళ్లిన డాక్టర్ రుడాల్ఫ్ ఫిర్ఖో, మందుల జాబితా రాసి ఊరుకోలేదు, అక్కడి జనానికి చదువు కావాలి, స్వేచ్ఛ కావాలి, పన్నుల భారం తగ్గాలి, రోడ్లు కావాలి అని రిపోర్ట్ ఇచ్చాడు.

కానివీ ఉన్నాయి. వారంలో ఒక్క సాయంత్రమైనా డాక్టర్ ఉండేలా చూడమని ఒక ఆస్పత్రికి సంతకాలతో అర్జీ ఇచ్చాం, జవాబు రాలేదు, మళ్లీ వెళ్తాం. చెల్లెల్నో తమ్ముడినో వెంట తీసుకొచ్చే పిల్లల్ని క్లాసులో కూర్చోనివ్వమని ఒక బడిని అడిగితే టీచర్లు సరేనన్నారు గానీ రాతపూర్వకంగా ఇంకా ఏమీ రాలేదు, ఆ టీచర్లు బదిలీ అయితే మళ్లీ మొదటికే. పని దగ్గర జబ్బు సెలవు విషయంలో యజమానులతో మాట్లాడటం అసలు మొదలే కాలేదు, వచ్చే ఏడాది మొదట పట్టుకోవాల్సింది ఇదే అని కమిటీ అభిప్రాయం.

ఫారాల డెస్క్‌కి సాయంత్రాలు కూర్చునేవాళ్లు ఇంకా కావాలి, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎందుకంటే కొన్ని విషయాలు మగ వాలంటీర్‌కి చెప్పలేక చాలామంది వెనక్కి వెళ్లిపోతున్నారు. వీలున్నవాళ్లు సర్వసభ్య సమావేశం లోపు కార్యదర్శికి పేరివ్వండి.