మందపు టేకుకు సన్న పళ్ల బ్లేడు అంటగట్టవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. టేకు, జిట్రేగు వంటి గట్టి కర్రలో తెలుగు అక్షరాలు కోసి ఇంటి పేరు పలకలు చేయాలన్న ఇష్టంతో, సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే స్క్రోల్ సా యంత్రం కొనుక్కున్నవారు నా ఎరుకలోనే అరడజను మంది ఉన్నారు. వారిలో నలుగురు రెండు మూడు నెలలకే దానిని గుడ్డ కప్పి మూలన పెట్టేశారు. లోపం యంత్రంలోనూ లేదు, వారి చేతిలోనూ లేదు. మన దుకాణాలలో వారికి ఇచ్చిన బ్లేడులో ఉంది కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం రాణిగంజ్‌లో ఒక దుకాణదారును ఒకటిన్నర అంగుళాల మందమున్న టేకు కోయడానికి బ్లేడు అడిగితే, గట్టి కర్రకు సన్న పళ్లే నునుపుగా కోస్తాయని చెప్పి 2వ నంబరు కట్ట చేతిలో పెట్టారు. ఆ బ్లేడుతో ‘శ్రీనిలయం’ అన్న పేరు కోశాను. చివరి సున్న దగ్గరకు వచ్చేసరికి చెక్కలోంచి పొగ లేచింది, కోత అంచులు నల్లబడ్డాయి, మూడు బ్లేడులు విరిగాయి. ఎలాగో చుట్టూ కోత పూర్తయినా సున్న లోపలి బిళ్ల కిందికీ జారలేదు, పైకీ రాలేదు. బ్లేడు విల్లులా వంగి కోయడంతో బిళ్ల నడుమ పీపాలా ఉబ్బిపోయింది. చెక్క సుత్తితో మెల్లగా తట్టగానే సున్న నార వెంబడి రెండుగా చీలింది.

ఇలా ఎందుకు జరుగుతుందో దుకాణదారులకూ కొనేవారికీ తెలియాలి. తయారీదారును బట్టి కొంత మారినా, 2వ నంబరు బ్లేడుకు అంగుళానికి సుమారు 20 పళ్లు, 9వ నంబరుకు 11 లేదా 12, 12వ నంబరుకు 9 లేదా 10 ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ బ్లేడు వెడల్పు, మందం కూడా పెరుగుతాయి. ఒకటిన్నర అంగుళాల చెక్కలో 2వ నంబరు బ్లేడు పళ్లు ఒకేసారి ముప్ఫై వరకు మునిగి ఉంటాయి. చాలా యంత్రాలలో బ్లేడు పైకీ కిందికీ కదిలే దూరం ముప్పావు అంగుళమే కావడంతో, చెక్క నడుమ ఉన్న పన్ను ఒక్క ఊపులో బయటికి రాలేదు. అది గీకిన పొట్టు పళ్ల సందులలోనే ఇరుక్కుని, రాపిడికి వేడెక్కి, కర్రను మాడుస్తుంది. పని సాగక మనం చెక్కను గట్టిగా నెడతాము, బ్లేడు వంగుతుంది. పళ్ల మధ్య ఎడం ఎక్కువగా ఉన్న బ్లేడు అయితే పొట్టుకు చోటు దొరుకుతుంది. అందుచేత అంగుళం దాటిన గట్టి కర్రకు 7 కంటే తక్కువ నంబరు పనికిరాదు. ఒకటిన్నర అంగుళాలకు 9, రెండు అంగుళాలకు 12 నంబరు ఎంచుకోవాలి. పన్ను విడిచి పన్ను ఉండే స్కిప్ టూత్ రకమైతే మరీ మంచిది. సన్న పళ్లు పావు అంగుళం పలకకూ, పొనికి వంటి మెత్తని కర్రలో చేసే సన్నపనికీ సరిపోతాయి.

రెండవది, తెలుగు లిపికి ప్రత్యేకించిన విషయం. మన అక్షరాలలో మూసుకున్న గుండ్రాలు ఎక్కువ. ప్రతిదానికీ డ్రిల్లుతో రంధ్రం వేసి, అందులోంచి బ్లేడు దూర్చి, మళ్లీ బిగించాలి. చివర అడ్డపుల్ల ఉన్న పిన్ బ్లేడుకు పెద్ద రంధ్రం కావాలి, చిన్న సున్నలో అది పట్టదు. పిన్ లేని బ్లేడుకు రెండు మిల్లీమీటర్ల రంధ్రం చాలు. యంత్రం కొనేటప్పుడే అది పిన్ లేని బ్లేడును పట్టుకుంటుందో లేదో చూసుకోవాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నా మొదటి యంత్రం అందుకే వృథా అయింది.

మంచి బ్లేడు దొరికినా బిగింపు సరిగా ఉండాలి. వేలితో మీటితే తంబుర తీగలా ఖంగుమనాలి. పనికిరాని మందపు ముక్కలో కొద్దిగా గాటు కోసి, ముక్కను తిప్పి బ్లేడు వెనుక వైపు ఆ గాటులోకి జరిపి చూస్తే, బల్ల బ్లేడుకు నిలువుగా ఉందో లేదో మూలమట్టం లేకుండానే తెలిసిపోతుంది. చెక్క మీద ప్యాకింగ్ టేపు అతికించి కోస్తే మాడడం బాగా తగ్గుతుంది. టేకులో ఇసుక లక్షణమున్న సిలికా ఉంటుంది కనుక బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. నా అనుభవంలో మందపు చెక్కలో పావుగంట కోతకే మార్చవలసి వస్తోంది. జిట్రేగు పొడి కొందరికి చర్మానికీ ఊపిరికీ పడదు, మాస్కు తప్పనిసరి.

నేను కోరేది చిన్న విషయం. నగరంలో చాలాచోట్ల ఈ బ్లేడులను పెద్ద కట్టలు విప్పి, డజను చొప్పున నంబరు లేని ప్లాస్టిక్ సంచులలో అమ్ముతున్నారు. ఆ సంచి మీద నంబరు, అంగుళానికి పళ్లు, పిన్ ఉందా లేదా అన్న మూడు మాటలు పెన్నుతో రాసి ఇమ్మని హార్డ్‌వేర్ వర్తకులను మీ పత్రిక ద్వారా అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్.