ముందు చెవులు చూపించండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వార్షికోత్సవం రిహార్సల్ నాడు ఎవరో తీసిన వీడియో గురించి గేటు దగ్గరా, మీ గ్రూపులోనూ ఇంకా మాటలు ఆగలేదు. పాట అయిపోయి పిల్లలంతా స్టేజీ దిగిపోయినా ఒక నర్సరీ బాబు అక్కడే నిలబడిపోయాడు. టీచరు వెనక నుంచి పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడలేదు. వీడియోలో ఉన్నది అంతే. దాని కింద "ఆటిజం అనుకుంటా, పాపం" అని ఒకరు రాశారు. "ఇలాంటి పిల్లల్ని మామూలు సెక్షన్‌లో ఎందుకు కూర్చోబెడుతున్నారు" అని ఇంకొకరు అడిగారు. అర్ధరాత్రి దాకా అదే చర్చ. ఆ గ్రూపులో బాబు వాళ్లమ్మ కూడా ఉన్నారన్న సంగతి ఒక్కరికీ తోచలేదు.

ఆ అమ్మానాన్నలు రాయమన్నారు కాబట్టే రాస్తున్నాను. బాబుకి రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరింది. జలుబు తగ్గినా ఆ నీరు పోలేదు. పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు కూడా పరీక్షించి, ఆటిజం లక్షణాలు లేవని చెప్పారు. వైద్యం జరుగుతోంది.

ఈ కబురు తెలియగానే గ్రూపు ఒక్కసారిగా అటు తిరిగింది. "చూశారా, అంతా చెవుల సమస్యే, ఆటిజం అని ఊరికే భయపెడతారు" అని మొదలుపెట్టారు. మన బడిలోనే ఆటిజం నిర్ధారణ అయి థెరపీకి వెళ్తున్న పిల్లలున్నారు. వాళ్ల తల్లిదండ్రులకు "చెవులు చూపిస్తే చాలు, ఆ థెరపీలు దండగ" అని సలహాలు వెళ్లాయి. మొదటి మాట ఎంత తప్పో ఈ రెండో మాటా అంతే తప్పు. పైగా ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే దీన్ని నమ్మితే ఒక బిడ్డకు అందాల్సిన సాయం ఆగిపోతుంది.

మిగతా విషయాలు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: యూనిట్ టెస్టుల టైంటేబుల్ డైరీలో అంటించాం, లైబ్రరీ పుస్తకాలు నెలాఖరులోగా తిరిగి ఇప్పించండి, బస్సు వేళల్లో మార్పు లేదు.

ఇక అసలు సంగతి. మాట రాకపోవడం, పిలిస్తే పలకకపోవడం, తన లోకంలో తానుండటం, చీటికీమాటికీ గొడవ చేయడం. ఇవన్నీ ఆటిజంలోనూ ఉంటాయి, సరిగ్గా వినపడని పిల్లల్లోనూ ఉంటాయి. బయటి నుంచి చూసి తేల్చడం డాక్టర్లకే కష్టం. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసి, ఆటిజాన్ని వైద్యలోకం దృష్టికి తెచ్చారు. ఆ పిల్లల్లో కొందరిని కూడా అంతకుముందు చెవుడు అనే అనుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత ఫోన్‌లో చిన్న వీడియో చూసి మనం తేల్చగలమా?

మా టీచర్లు మాత్రం రోజంతా పిల్లల్తో ఉంటారు కాబట్టి కొన్ని తేడాలు పట్టుకుంటారు. ఆ బాబు గురించి నర్సరీ టీచరు రాసిపెట్టిన నోట్సు చూశాను. "నిలబడండి" అంటే వాడు వెంటనే లేవడు, మిగతావాళ్లు లేచాక వాళ్లను చూసి లేస్తాడు. టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పని ఆపేసి పక్కవాడి పుస్తకంలోకి చూస్తాడు. బొమ్మ కావాలంటే టీచరు భుజం తట్టి, బొమ్మను వేలితో చూపించి, ఆవిడ అటు చూసిందా లేదా అని మళ్లీ ఆవిడ మొహంలోకి చూస్తాడు. ఈ చివరి పని చాలా ముఖ్యమైనది. వాడికి మాట అందడం లేదు, కానీ మనిషి కావాలి. చూపుతో, సైగతో, మొహంతో ఎలాగైనా తన మాట మనకు చేర్చాలని తంటాలు పడుతున్నాడు. బొమ్మకు అన్నం పెట్టినట్టు ఆడతాడు, జో కొడతాడు.

మన రెండో తరగతి పాప నర్సరీలో చేరినప్పుడు తీరు వేరు. (వాళ్ల అమ్మానాన్నలనూ అడిగే రాస్తున్నాను.) కారిడార్ చివర గంట మోగితే అందరికంటే ముందు చెవులు మూసుకునేది. పక్కనే నిలబడి పేరు పెట్టి పిలిస్తే మాత్రం తల తిప్పేది కాదు. నీళ్లు కావాలంటే టీచరు మణికట్టు పట్టుకుని కుళాయి దాకా తీసుకెళ్లి, ఆ చేతిని కుళాయి మీద పెట్టేది. మొహంలోకి చూడదు, వేలితో చూపించదు. కార్టూన్ డైలాగులు అదే రాగంతో మొత్తం అప్పజెప్పేది, కానీ "నీళ్లు" అనే మాట నోటి నుంచి వచ్చేది కాదు. క్రేయాన్లు వరసగా పేర్చుకునేది, ఒకటి జరిపితే ఏడుపు ఆగేది కాదు. పాపకి కూడా ముందు వినికిడి పరీక్షే చేయించారు. చెవులు బాగున్నాయని తేలాకే మిగతా పరీక్షలు మొదలయ్యాయి.

అయితే పై రెండు పేరాలూ చదివి ఇంట్లో పిల్లాడికి మార్కులు వేయకండి. ఆటిజం ఉన్న పిల్లలందరూ ఒకేలా ఉండరు. కళ్లలోకి చూసేవాళ్లున్నారు, మెడ చుట్టూ చేతులేసి ముద్దులు పెట్టేవాళ్లున్నారు. వినపడక విసిగి, ఒక మూలన కూర్చుని ఎవరితోనూ కలవని పిల్లలూ ఉన్నారు. రెండూ ఒకే బిడ్డలో ఉండొచ్చు కూడా. నిజానికి వినికిడి లోపం ఉన్న పిల్లల్లో ఆటిజం మిగతావాళ్లలో కన్నా ఎక్కువే కనిపిస్తుంది. కాబట్టి చెవుల్లో ఏదో తేలింది కదా అని అక్కడితో ఆగకూడదు. నీరు పోయి వినికిడి బాగుపడ్డాక కూడా బిడ్డ మనుషుల వైపు తిరగకపోతే, ఎదుగుదల నిపుణులకు చూపించాల్సిందే.

చెవిలో నీరు చేరడం అరుదైన జబ్బేమీ కాదు. బడి వయసు వచ్చేలోగా పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలకు ఎప్పుడో ఒకసారి వస్తుంది. చాలామందికి 3 నెలల్లోగా దానంతట అదే తగ్గిపోతుంది. చిక్కేమిటంటే నొప్పి ఉండదు, చీము కారదు, జ్వరం రాదు. వినికిడి మాత్రం 20 నుంచి 30 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, కొందరికి ఇంకాస్త ఎక్కువ. గుసగుసగా మాట్లాడితే వచ్చే శబ్దం దాదాపు 30 డెసిబెల్స్ ఉంటుంది. అంటే గుసగుసలు సరిగ్గా అందవు, మామూలు మాటలు సగం సగం అందుతాయి. ఈ వారం వింటాడు, జలుబు చేస్తే వచ్చే వారం వినడు. ఇంట్లో "కావాలనే వినట్లేదు, మొండి" అని పేరు పెట్టేస్తారు. మాటలు నేర్చుకునే వయసులో ఇది నెలల తరబడి సాగితే మాట వెనకబడుతుంది.

"మేం ఇంట్లో టెస్ట్ చేశామండీ, పళ్లెం మీద గరిటెతో కొడితే తిరిగాడు" అని నాతో ఎంతమంది చెబుతారో! పళ్లెం మోత పెద్ద శబ్దం. మీ చెయ్యి కదలడం వాడి కంటికొసన కనబడుతుంది, నేల అదిరితే కాలికి తెలుస్తుంది. కొందరు పిల్లలకు కింది స్వరాలు బాగానే వినపడతాయి, పై స్వరాలే పోతాయి. వాళ్లు తలుపు చప్పుడికి తిరుగుతారు, కానీ స, శ, త, క లాంటి అక్షరాలు వాళ్లకు చేరవు. ఒక చెవి మాత్రమే పనిచేసే పిల్లలూ పళ్లెం పరీక్షలో పాసైపోతారు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో పరీక్ష పాసైందని ధీమాగా ఉండటమూ సరికాదు. మెదడు పొరల వాపు జ్వరం (మెనింజైటిస్) తర్వాత, గవదబిళ్లల తర్వాత, ఒక్కోసారి ఏ కారణమూ కనిపించకుండా కూడా వినికిడి తగ్గొచ్చు.

నేను ప్రతి సమావేశంలోనూ చెప్పేది, చెబుతూనే ఉండేది ఇదే. బిడ్డకు మాట ఆలస్యమైతే, మాట స్పష్టంగా లేకపోతే, పిలిస్తే పలకకపోతే, అన్నిటికన్నా ముందు ఆడియాలజిస్ట్ దగ్గర వినికిడి పరీక్ష చేయించండి. ఇందులో సూది లేదు, నొప్పి లేదు. చెవి రంధ్రంలో మెత్తటి మొన పెట్టి గాలి ఒత్తిడి కొంచెం మారుస్తారు. కర్ణభేరి బాగా కదిలితే తెరమీద గీత కొండలా లేస్తుంది, వెనక నీరుంటే గీత లేవకుండా నేలబారుగా ఉండిపోతుంది. ఆ గీతను చూపిస్తే నర్సరీ బాబు వాళ్ల నాన్నగారు మారుమాట్లాడలేదట. రెండున్నర, మూడేళ్లు దాటినవాళ్లకు హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడ్డప్పుడల్లా ఒక రింగు కర్రకు తొడగమంటారు, పిల్లలకు అది ఆటే. కుదురుగా కూర్చోలేనివాళ్లకు నిద్రలో బేరా పరీక్ష చేస్తారు, శబ్దానికి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో యంత్రమే చెబుతుంది. అంటే ఏ బిడ్డనూ "వీడికి పరీక్ష కుదరదు" అని వదిలేయక్కర్లేదు. పుట్టిన నెలలోపు మొదటి పరీక్ష, అనుమానం ఉంటే 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స మొదలు కావాలని నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. మనం నాలుగేళ్ల పిల్లాడిని పట్టుకుని "ఇంకో ఏడాది చూద్దాం" అంటున్నాం. ఆ ఏడాది బిడ్డకు తిరిగి రాదు. దయచేసి ఆగకండి.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. ఏడాది నిండినా "బబబ, దదద" అనకపోయినా, టాటా చెప్పడం, వేలితో చూపించడం రాకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోయినా డాక్టరుకు చూపించండి. వచ్చిన మాటలు పోతే, అది ఏ వయసైనా సరే, ఆ వారమే వెళ్లండి.

మన పిల్లల గురించి చెప్పకపోతే నాకు ఈ ఉత్తరం పూర్తయినట్టుండదు. ఆ రెండో తరగతి పాప ఈ నెల ప్రార్థన సమయంలో వార్తలు చదివింది. మైకు మోత తనకు పడదు కాబట్టి మైకు లేకుండానే చదివింది, వెనక వరస దాకా వినిపించింది! శబ్దం ఎక్కువైతే మొదట్లో కార్డు చూపించేది, ఇప్పుడు "చాలు, బయటికి వెళ్తాను" అని నోటితోనే చెబుతోంది. నాలుగో తరగతిలో హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకునే బాబు ఉన్నాడు కదా, బ్యాటరీలు తనే చూసుకుంటాడు, నర్సరీ పిల్లలు అడిగితే కూర్చోబెట్టి అదెలా పనిచేస్తుందో వివరిస్తాడు. పరుగు పందెంలో వాడికి విజిల్ అందడం లేదని గమనించి, విజిల్‌తో పాటు జెండా కూడా దించమని పీఈటీ సారుని అడిగింది వాడి తరగతి పిల్లలే. ఎవరూ చెప్పలేదు వాళ్లకి. ఆ పందెంలో వాడే ఫస్ట్ వచ్చాడు. ఈ పిల్లలు మన బడిలో చదువుతున్నారంటే నాకు ఎంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను.

పెద్దవాళ్లను కూడా కాస్త సహకరించమని కోరుతున్నాను. టీచరు "ఒకసారి చెవులు చూపించండి" అంటే అది మీ బిడ్డ మీద నింద కాదు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే", "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకు గాని మాట రాలేదు" అని డైరీలో రాసి పంపేవాళ్లకు నా విన్నపం: ఆ సంగతి కూడా ఆడియాలజిస్ట్‌కే చెప్పండి, కానీ వెళ్లండి. రిపోర్టులు మా దగ్గర దాచకండి, బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా మాకు తెలియకుండా పోతుంది. చెవిలో బడ్స్, పిన్నులు, అగ్గిపుల్లలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాం? గులిమి ఇంకా లోపలికి పోతుంది, కర్ణభేరికి దెబ్బ తగులుతుంది. టీవీ పొద్దున్నుంచి రాత్రి దాకా మోగుతుంటే, వినికిడి కొంచెం తగ్గిన బిడ్డకు మీ మాట వేరుగా వినిపించదు. ఫోన్ వల్ల ఆటిజం రాదు, తల్లి ఉద్యోగం చేయడం వల్ల అసలే రాదు, దయచేసి ఆ మాట ఇంకెవరితోనూ అనకండి. కానీ భోజనం దగ్గర ఫోన్ చేతిలో పెడితే బిడ్డతో మాట్లాడే ఆ కాస్త సమయమూ పోతుంది. బిడ్డ అడగకముందే అన్నీ అందించేస్తే అడగాల్సిన అవసరం వాడికెక్కడిది? టీకాల వల్ల ఆటిజం వస్తుందని మళ్లీ ఎవరో గ్రూపులో పెట్టారు. 1998లో ఆ గోల లేపిన వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా నిజంగా వినికిడిని తీసేయగలవు, టీకా అడ్డుకునేది వాటినే.

ఇంకొకటి, ఇది విన్నపం కాదు. బడి ఆవరణలో ఇంకొకరి బిడ్డను వీడియో తీసి గ్రూపులో పెట్టడం ఇకమీదట అనుమతించం. ఆ వీడియో ఎవరి ఫోన్‌లో ఉన్నా తీసేయండి.

వచ్చే శనివారం నర్సరీ నుంచి ఒకటో తరగతి వరకు పిల్లలందరికీ బడిలోనే వినికిడి పరీక్ష ఉంటుంది. ఆడియాలజిస్ట్ వస్తున్నారు. అంగీకార పత్రం డైరీలో పెట్టాం, సంతకం చేసి గురువారంలోగా పంపండి. బిడ్డకు ఆ రోజు జలుబు ఉంటే ఆ మాట పత్రం మీద రాయండి, కొన్ని వారాలాగి మళ్లీ చూస్తారు. పరీక్ష పాస్ కాలేదంటే చెవుడని అర్థం కాదు, ఇంకా వివరంగా చూడాలని మాత్రమే. ఫలితం మూసిన కవరులో మీ చేతికే ఇస్తాం. పెద్ద తరగతుల పిల్లల్లో ఎవరికైనా చేయించాలనుకుంటే ఆఫీసులో పేరు రాయించండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు